లెక్కల్లో కూలీ, పనిలో మేస్త్రీ: నైపుణ్యం గీత ఎక్కడ పడుతోంది?

పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయని కేంద్రం ప్రకటించింది. అప్పటి నుంచి కూలి పనుల మీద బతికే కుటుంబాల్లోనూ, వాళ్లతో పని చేయించుకునేవాళ్లలోనూ ఒక అయోమయం నడుస్తోంది. కనీస వేతనం నిర్ణయించేటప్పుడు పనివాళ్లను నైపుణ్యం లేనివాళ్లు, కొంత నైపుణ్యం ఉన్నవాళ్లు, నైపుణ్యం ఉన్నవాళ్లు, బాగా నైపుణ్యం ఉన్నవాళ్లు అని నాలుగు తరగతులుగా చూస్తారు. మరి బడి మొహం చూడకుండా పదిహేనేళ్లుగా గోడలు కడుతున్న మనిషి ఏ తరగతి? అన్నేళ్లూ అతనికి మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) కలిపి అందించిన అతని భార్య ఏ తరగతి?

ఈ ప్రశ్నను బెంగళూరులో వేసి చూడటానికి కారణం ఉంది. ఈ నగరంలో ఇళ్లు కట్టే పనిలో తెలుగు మాట్లాడే గుంపులు ఏళ్ల తరబడి ఉన్నాయి. కదిరి, హిందూపురం, మడకశిర వైపు నుంచి, కర్నూలు, పాలమూరు జిల్లాల నుంచి వచ్చినవాళ్లు, కర్ణాటకలోనే పుట్టి ఇంట్లో తెలుగు మాట్లాడే బాగేపల్లి, చింతామణి వాళ్లు ఒకే సైటులో కనిపిస్తారు. పని ఒకటే, భాష ఒకటే. లెక్కల్లోకి వచ్చేసరికి మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో చోట ఉంటారు.

క్లుప్తంగా: దేశ శ్రామిక లెక్కల్లో ‘నైపుణ్యం’ అనే గీత చేతికి తెలిసిన పనిని పూర్తిగా కొలవడం లేదు. చదువు, కులం, ఆడా మగా తేడా, సొంతూరి చిరునామా ఈ నాలుగూ కలిసి ఆ గీతను గీస్తున్నాయి. కొత్త కోడ్‌లు వలస వచ్చినవాళ్లను కొంత కొత్తగా చూస్తున్నాయి. కానీ చిన్న ఇళ్లు కట్టే చిన్న గుంపులు చాలావరకు వాటి బయటే మిగిలే అవకాశం ఉంది.

పుస్తకంలో ఉన్న మెట్లు

మన దేశంలో వృత్తుల వర్గీకరణకు ఒక అధికారిక పట్టిక ఉంది. దాని తాజా రూపం 2015 నాటిది. అంతర్జాతీయ కార్మిక సంస్థ వర్గీకరణను ఆధారం చేసుకుని తయారైన ఈ పట్టికలో తొమ్మిది విభాగాలున్నాయి. తొమ్మిదో విభాగం మామూలు కూలి పనులది: మోత, తవ్వకం, ఊడ్పు, సైటులో చేతి సాయం. ఏడో విభాగం చేతిపనులది: తాపీ, వడ్రంగం, కమ్మరం, నేత, కుట్టుపని వగైరా.

ఈ విభాగాలకు నైపుణ్యం మెట్లు కేటాయించారు. పదేళ్ల వరకు చదువుకు మొదటి మెట్టు, 11 నుంచి 13 ఏళ్ల చదువుకు రెండో మెట్టు. కూలి పని మొదటి మెట్టులో, చేతిపని రెండో మెట్టులో ఉంటాయి. మన దేశంలో పని ఎక్కువగా బడి బయటే నేర్చుకుంటారు కాబట్టి అనుభవంతో వచ్చిన నేర్పును కూడా లెక్కలోకి తీసుకోవాలని ఆ పట్టికే చెబుతుంది. ఆ మాట ముఖ్యమైనదే. అయితే కొలిచే కర్ర మాత్రం చదివిన ఏళ్లే. ఐదో తరగతి కూడా దాటని తాపీ మేస్త్రీని ఆ పట్టికలో రెండో మెట్టు మీద పెడుతున్నారంటే, మెట్టుకూ చదువుకూ ఉన్న లంకె మన సైటులో తెగిపోయినట్టే.

పనివాళ్ల మొత్తం లెక్క చూస్తే ఈ ప్రశ్న ఎంత పెద్దదో తెలుస్తుంది. 2023–24 శ్రామిక సర్వే ప్రకారం దేశంలో పనిచేసేవాళ్లలో 58.4 శాతం స్వయం ఉపాధి మీద, 19.8 శాతం రోజు కూలీ మీద ఉన్నారు. నెల జీతం ఉన్నవాళ్లు 21.7 శాతమే. వ్యవసాయంలో 46.1 శాతం మంది, నిర్మాణ రంగంలో సుమారు 12 శాతం మంది ఉన్నారు. పొలం వదిలిన మనిషి ముందుగా అడుగుపెట్టే రంగం నిర్మాణమే. ఎవరి సర్టిఫికెట్టూ అడగకుండా మర్నాడే కూలి ఇచ్చే రంగం మరొకటి పెద్దగా లేదు.

గోడ దగ్గర ఏం జరుగుతుంది

లోపలి గోడకు ప్లాస్టరింగ్ చేయడం తీసుకుందాం. ముందు గోడను తడుపుతారు. తూకం గుండు వేలాడదీసి గోడ ఎక్కడ లోపలికి పోయిందో, ఎక్కడ ముందుకు వచ్చిందో చూస్తారు. మాలుతో అక్కడక్కడా చిన్న ముద్దలు పెట్టి మట్టం గుర్తులు చేసుకుంటారు. ఆ గుర్తుల మధ్య మాలు కొట్టి, బద్దతో లాగి, తేలిగ్గా నీళ్లు చల్లి నునుపు తీస్తారు. మందం సుమారు 12 మిల్లీమీటర్లు ఉండాలి. మేస్త్రీ మణికట్టులో ఉన్న ఈ అంచనా ఏ పుస్తకంలో చదివినా రాదు. ఇది నైపుణ్యమని అందరూ ఒప్పుకుంటారు.

ఇప్పుడు రెండడుగులు పక్కకు జరిగి, మాలు కలిపే మనిషిని చూద్దాం. చాలా సైట్లలో ఆ మనిషి స్త్రీ. బెంగళూరులో ఏటి ఇసుక కరువై ఎం-శాండ్ (రాయిని పొడి చేసి తీసే ఇసుక) వాడకం బాగా పెరిగింది. మెత్తటి పొడి ఎక్కువున్న ఎం-శాండ్ జల్లెడ పట్టకుండా కలిపితే గోడ ఆరాక నెర్రెలు ఇస్తుంది. ఎండ ఎక్కువగా ఉంటే నీళ్లు ఒక పాలు, మబ్బు పట్టిన రోజు ఇంకో పాలు. సిమెంటు కలిపిన అరగంట తర్వాత ఎప్పుడైనా బిగుసుకోవడం మొదలుపెడుతుంది. అందుకే ఒకేసారి ఎక్కువ కలపకూడదు, మేస్త్రీ చెయ్యి ఖాళీగా ఉండనివ్వకూడదు. అతని వేగం చూసి ఆమె కలపాలి. ఒక అంతస్తు కింద ఉండి, తట్ట నెత్తిన పెట్టుకుని, సారవ మీదుగా ఎక్కుతూ ఈ లెక్కంతా నడపాలి.

పట్టికలో ఆమె తొమ్మిదో విభాగం, మొదటి మెట్టు. కూలి చీటీలో హెల్పర్. ఆమె చేసేది మోత పని మాత్రమేనని పట్టిక అనుకుంటుంది. గోడ నిలబడటంలో, గోడ పగలకపోవడంలో ఆమె చేతి వాటా ఎంతో ఆ పట్టికకు ఎక్కదు.

పని నేర్పేది ఇల్లే

మన దేశంలో 15 నుంచి 59 ఏళ్ల మధ్య వయసువాళ్లలో పద్ధతి ప్రకారం వృత్తి శిక్షణ పొందినవాళ్లు 2011–12 జాతీయ నమూనా సర్వేలో 2.2 శాతం. బయట, ఇంట్లో, పనిలో నేర్చుకున్నామని చెప్పినవాళ్లు 8.6 శాతం. మిగతావాళ్లు ‘ఏ శిక్షణా లేదు’ అనే గడిలో పడ్డారు. కానీ అన్న దగ్గర సెంట్రింగ్ నేర్చుకున్న కుర్రాడు దాన్ని శిక్షణ అని అనుకోడు. ‘మా అన్నతో పనికి పోతున్నా’ అంటాడు. సర్వే అతన్ని శిక్షణ లేనివాడిగా రాసుకుంటుంది.

ఇల్లూ బంధుత్వమూ పని నేర్పే చోట కులం సహజంగానే తలుపు దగ్గర నిలబడుతుంది. వడ్రంగం, కమ్మరం, కంసాలి పని విశ్వబ్రాహ్మణ కుటుంబాల్లో తరం నుంచి తరానికి అందాయి. రాయి కొట్టడం, బావులు తవ్వడం, చెరువు కట్టలు పోయడం వడ్డెర కుటుంబాల పనిగా ఉండేవి. మురుగు, చెత్త పనులు దళితుల మీదే పడ్డాయి. చెన్నైలో తరాలుగా పారిశుద్ధ్య పని చేస్తున్న తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. నగరానికి వచ్చాక కూడా ఆ పని వాళ్లను వదలలేదు.

అసంఘటిత రంగ కార్మికుల కోసం 2021 ఆగస్టు 26న మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్ లెక్క ఇదే చెబుతోంది. 2022లో పేర్లు 27 కోట్లు దాటినప్పుడు చూస్తే నమోదైనవాళ్లలో వెనుకబడిన తరగతులు 45 శాతం, షెడ్యూల్డ్ కులాలు దాదాపు 21 శాతం, షెడ్యూల్డ్ తెగలు 8 శాతం. 2011 జనగణనలో దేశ జనాభాలో షెడ్యూల్డ్ కులాల వాటా 16.6 శాతమే. అంటే అసంఘటిత పనిలో వాళ్లు జనాభాలో తమ వాటాకు మించి ఉన్నారు. నమోదైనవాళ్లలో 94 శాతం మంది నెల ఆదాయం 10,000 రూపాయలు లేదా అంతకన్నా తక్కువ అని రాయించుకున్నారు. ఆదాయం ఎవరికి వాళ్లు చెప్పుకున్నదే కాబట్టి ఆ అంకెను కొంచెం జాగ్రత్తగా చూడాలి. ఏ వర్గాలు ఈ పనిలో ఉన్నాయన్న దాని మీద మాత్రం పెద్దగా అనుమానం అక్కర్లేదు.

ఇంట్లో నేర్చిన పనికి ఇంకో ప్రమాదం ఉంది. పని పద్ధతి మారితే ఆ నేర్పు ఒక్క తరంలో విలువ పోగొట్టుకుంటుంది. బెంగళూరు చుట్టుపక్కల నల్లరాయికి కొదవ లేదు. 1956లో పూర్తయిన విధానసౌధ ఆ రాతి పనికి పెద్ద గుర్తు. రాతి గోడల స్థానంలో కాంక్రీటు వచ్చింది, తవ్వకానికి జేసీబీ వచ్చింది. రాయి ఏ గీత వెంబడి పగులుతుందో సుత్తి దెబ్బ శబ్దాన్ని బట్టి చెప్పగలిగిన మనిషి కొడుకు ఈరోజు కాంక్రీటు సైటులో హెల్పర్. తండ్రి ఏడో విభాగం, కొడుకు తొమ్మిదో విభాగం. నేర్పు పెరిగితే మెట్టు ఎక్కుతారని చెప్పే లెక్కల్లో ఇలా దిగిపోవడానికి చోటు లేదు.

పెద్ద అపార్టుమెంట్లలో ఇప్పుడు అల్యూమినియం చట్రాల్లో గోడలను కూడా కాంక్రీటుతోనే పోస్తున్నారు. మైవాన్ అని పనివాళ్లు పిలిచే ఆ పద్ధతిలో ఇటుక గోడా తక్కువే, ప్లాస్టరింగూ తక్కువే. ఆ సైట్లలో బీహార్, బెంగాల్, ఒడిశా నుంచి కాంట్రాక్టర్లు తెచ్చిన కుర్రాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. తెలుగు, ఉత్తర కర్ణాటక గుంపులకు ఎక్కువగా చిన్న ఇళ్ల పనే మిగులుతోంది. ఈ విషయం చట్టాల దగ్గర మళ్లీ ముఖ్యమవుతుంది.

గుంపు, అడ్వాన్సు, అడ్డా

పాలమూరు లేబర్ అనే పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. ఆనకట్టలు, కాలువలు, రోడ్ల పనుల మీద దేశమంతా తిరిగిన కూలీలు వాళ్లు. వాళ్లను తీసుకెళ్లిన పద్ధతి గుంపు మేస్త్రీ పద్ధతి. ఊళ్లో కొన్ని కుటుంబాలకు మేస్త్రీ ముందుగా డబ్బిస్తాడు, సీజను మొత్తం వాళ్లు అతని వెంట పనిచేయాలి. ఆ పద్ధతి రూపం మార్చుకుని బెంగళూరు చిన్న సైట్లలో ఇప్పటికీ ఉంది.

లెక్క ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక జంట పెళ్లి ఖర్చుకో ఆస్పత్రికో 40,000 రూపాయలు అడ్వాన్సు తీసుకున్నారనుకుందాం. బెంగళూరుకు వచ్చాక వారం వారం బట్వాడా రోజున తిండి ఖర్చుకు మాత్రం డబ్బిస్తారు. మిగతా కూలి మేస్త్రీ నోటుబుక్కులో జమవుతుంది. ఉగాదికో సంక్రాంతికో ఊరెళ్లేటప్పుడు తేల్చుకుంటారు. మధ్యలో జ్వరం వచ్చి మందులు కొంటే అదీ నోటుబుక్కులోకి ఎక్కుతుంది. వాన పడి పని ఆగిన రోజులకు కూలి లేదు, తిండి ఖర్చు ఉంది. పండగ నాటికి బాకీ పూర్తిగా తీరకపోతే మళ్లీ అదే మేస్త్రీ వెంట రావాలి. అడ్వాన్సు తీసుకున్న రోజే కూలి రేటు ఖరారైపోతుంది. అది అడ్డా రేటు కన్నా సాధారణంగా తక్కువ.

పొద్దున్నే కూడలిలో నిలబడి ఆ రోజుకు ఆ రోజు పని వెతుక్కోవడం అడ్డా పద్ధతి. అక్కడ రేటు ఎక్కువ, బాకీ ఉండదు. కానీ వారంలో ఎన్ని రోజులు పని దొరుకుతుందో ఎవరికీ తెలియదు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు, పిల్లలున్నవాళ్లు, ఆడవాళ్లు ఎక్కువగా గుంపునే నమ్ముకోవడం దీనివల్లే. పదకొండు దాటాక అడ్డా నుంచి ఖాళీ చేతులతో గదికి వెళ్లడం కన్నా తక్కువ కూలికైనా కచ్చితంగా పని ఉండటం మేలనిపిస్తుంది.

మేస్త్రీని దోపిడీదారుగా మాత్రమే చూస్తే ఈ పద్ధతి ఎందుకు నిలిచిందో అర్థం కాదు. చాలామంది మేస్త్రీలు ఒకప్పుడు హెల్పర్లుగా తట్టలు మోసినవాళ్లే, గుంపులో సగం మంది వాళ్ల బంధువులే. ఇంటి ఓనరు బిల్లు ఆలస్యం చేస్తే గుంపు తిండి ఖర్చు మేస్త్రీ అప్పు చేసి పెడతాడు. బ్యాంకు, బీమా, ఉద్యోగ కార్యాలయం చేయాల్సిన మూడు పనులు ఒక్క మనిషి చేస్తున్నాడు. దానికి తగిన ధర కూలీల రేటులోంచి పోతోంది. చట్టం దృష్టిలో మాత్రం ఒక గీత ఉంది. అడ్వాన్సు పేరుతో మనిషిని ఇంకో చోట పనిచేయకుండా కట్టడి చేస్తే అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందకు వస్తుంది. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకునే పని కూడా బలవంతపు చాకిరీయేనని 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

ఇరవై ఏళ్ల హెల్పర్

సైటులో మగ హెల్పరు సాధారణంగా కొన్నేళ్లలో తాపీ పట్టుకుంటాడు. మధ్యాహ్నం అన్నం వేళ, పని తగ్గిన సాయంత్రం, మేస్త్రీ పక్కన నిలబడి గోడ చివర నాలుగు ఇటుకలు పేర్చి చూస్తాడు. తప్పు చేస్తే మేస్త్రీ తిడతాడు, సరిచేస్తాడు. శిక్షణ అంటే అదే.

ఆడ హెల్పరుకు ఆ గంట దొరకదు. అన్నం వేళ ఆమె పిల్లను చూసుకోవాలి, సాయంత్రం పొయ్యి ముట్టించాలి. తాపీ చేతికిచ్చే మేస్త్రీయే ఉండడు. అందుకే ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న స్త్రీ ఇవాళ పనిలో చేరిన మగ హెల్పరు కన్నా తక్కువ కూలికి పనిచేయడం మామూలైపోయింది. ఒకే పనికి ఒకే వేతనం అనే చట్టం 1976లోనే వచ్చింది, ఇప్పుడు వేతన కోడ్‌లో కలిసింది. కానీ ‘ఒకే పని’ అని రుజువయ్యే పరిస్థితి రాకుండా మేస్త్రీ పని మగవాళ్లకు, మోత పని ఆడవాళ్లకు అని ముందే పంచేస్తే ఆ చట్టం ఎవరినీ పట్టుకోలేదు.

ఇది మారని విషయమేమీ కాదు. కేరళలో మహిళా సంఘాల కార్యక్రమమైన కుటుంబశ్రీ ద్వారా శిక్షణ పొందిన మహిళా మేస్త్రీలు ఇళ్లు కట్టారు. గుజరాత్‌లో ‘సేవా’ అనే మహిళా కార్మికుల సంఘం నిర్మాణ పనిలో ఉన్న స్త్రీలకు తాపీ పని నేర్పించింది. రెండు చోట్లా నేర్పేవాళ్లు, పని ఇప్పించేవాళ్లు ఒకే సంస్థ నీడలో ఉన్నారు. శిక్షణ ఇచ్చి వదిలేస్తే మళ్లీ తట్టే నెత్తికెక్కేది.

వలస లెక్కల్లోనూ ఆడవాళ్ల పని దాగిపోతుంది. 2011 జనగణనలో దేశంలో 45 కోట్ల మందికి పైగా వలస వచ్చినవాళ్లుగా నమోదయ్యారు. స్త్రీలలో ఎక్కువమంది విషయంలో కారణం ‘పెళ్లి’ అని రాశారు. పెళ్లయ్యాక భర్తతో బెంగళూరు వచ్చి మర్నాటి నుంచే సైటులో దిగిన స్త్రీ కూడా ఆ గడిలోనే ఉంటుంది.

పోలిక కోసం ఈ నగరంలోనే ఉన్న గార్మెంట్ ఫ్యాక్టరీలను చూడవచ్చు. అక్కడా పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే, జీతమూ తక్కువే. కానీ పేరు రిజిస్టరులో ఉంటుంది, పీఎఫ్ ఉంటుంది. 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ తీసుకునే నిబంధనలు మార్చినప్పుడు ఆ స్త్రీలు వేలాదిగా రోడ్డెక్కారు, కేంద్రం వెనక్కి తగ్గింది. సైటులో మాలు కలిపే స్త్రీకి పోగొట్టుకోవడానికి పీఎఫ్ ఖాతా కూడా లేదు.

ఒకే భాష, మూడు చిరునామాలు

ఒకే గుంపులో పనిచేసే ముగ్గురిని తీసుకుందాం. ఒకరిది బాగేపల్లి, ఒకరిది కదిరి, ఒకరిది మక్తల్. ముగ్గురి ఇంటి భాషా తెలుగే. బాగేపల్లి కర్ణాటక, కదిరి ఆంధ్రప్రదేశ్, మక్తల్ తెలంగాణ. హిందూపురం నుంచి రైలెక్కితే రెండు మూడు గంటల్లో బెంగళూరులో దిగొచ్చు. యాద్గిర్ జిల్లా నుంచి రావాలంటే దాదాపు ఒక రాత్రి ప్రయాణం. అయినా యాద్గిర్ కూలీ ఇక్కడ సొంత రాష్ట్రం మనిషి, హిందూపురం కూలీ పొరుగు రాష్ట్రం మనిషి.

తేడా ఎక్కడ తగులుతుందో బస్సులోనే తెలుస్తుంది. కర్ణాటకలో 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం కింద ఆ రాష్ట్ర చిరునామా ఉన్న స్త్రీలకే ఉచిత ప్రయాణం. బాగేపల్లి ఆధార్ ఉన్న ఆడకూలీ టికెట్టు లేకుండా పనికి వెళుతుంది. అదే సీటులో కూర్చున్న కదిరి ఆడకూలీ రోజూ టికెట్టు కొనుక్కుంటుంది. చెన్నైలో మామూలు సిటీ బస్సుల్లో ఈ తేడా లేదు. 2021 నుంచి అక్కడ ఏ రాష్ట్రం స్త్రీ ఎక్కినా టికెట్టు ఉచితమే. నెల మొత్తానికి చూస్తే ఈ ఖర్చు హెల్పరు కూలిలో తేలిగ్గా తీసేసేది కాదు.

రేషన్ విషయంలో పరిస్థితి కొంత మెరుగు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ చేరింది కాబట్టి కేంద్రం ఇచ్చే బియ్యం ఎక్కడైనా తీసుకోవచ్చు. అయితే రాష్ట్రాలు పైన కలిపి ఇచ్చేది కార్డుతో పాటు ప్రయాణించదు.

కులం ధ్రువపత్రం సంగతి ఇంకా చిక్కు. వడ్డెరలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీసీ-ఏ. కర్ణాటకలో భోవి పేరుతో షెడ్యూల్డ్ కులం. ఒకే కులం, ఒకే పని, పెళ్లి సంబంధాలు కూడా కలుస్తాయి. అయినా రాష్ట్రం సరిహద్దు దాటగానే జాబితా మారిపోతుంది. షెడ్యూల్డ్ జాబితాలు రాష్ట్రాల వారీగా ఉన్నవే కాబట్టి, ఒక రాష్ట్రంలో వచ్చిన హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో చెల్లదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. ఏ తరగతి జనాభాలో ఎంతమంది కూలీలున్నారని దేశం మొత్తానికి పోల్చి చెప్పేటప్పుడు ఈ సంగతి మర్చిపోకూడదు.

చిరునామా లేకపోవడం ఎంత దూరం పోతుందో 2020 మే నెల చూపించింది. కూలీలు సొంతూళ్లకు వెళ్లడానికి ఏర్పాటైన శ్రామిక్ రైళ్లను, బిల్డర్లతో సమావేశం తర్వాత అప్పటి కర్ణాటక ప్రభుత్వం రద్దు చేసింది. తీవ్ర విమర్శలు వచ్చాక రెండు మూడు రోజుల్లోనే ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది. ఆ కొద్ది రోజుల్లో కూలీ నగరానికి ఎంత అవసరమో బయటపడింది. వెళ్లాలా ఉండాలా అనే మాటలో అతనికి చోటు లేదన్న సంగతీ బయటపడింది.

చేతివృత్తుల లెక్క వేరు

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులను గుర్తించింది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, కంసాలి, రాతి పనివాళ్లు, తాపీ పనివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, దర్జీలు, రజకులు, పడవలు చేసేవాళ్లు అందులో ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయల సాయం, శిక్షణ రోజులకు 500 రూపాయల భత్యం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు ఇస్తారు. కంసాలికి, కుమ్మరికి ఇది నిజంగా అక్కరకొచ్చే సాయం. కానీ జాబితాలో టైల్స్ వేసేవాళ్లు, పెయింటర్లు, ప్లంబర్లు, కడ్డీలు వంచి కట్టేవాళ్లు లేరు. నేర్పు అంటే తాతల నుంచి వచ్చిందే అని జాబితా అనుకుంటోంది. నగరం కొత్తగా పుట్టించిన నేర్పులకు అందులో చోటు దొరకలేదు. పైగా సాయం కుటుంబంలో ఒక్కరికే. భార్యాభర్తలిద్దరూ కలిసి చేసే వృత్తుల్లో ఆ ఒక్కరు ఎవరవుతారో ఊహించడం కష్టం కాదు.

ఇక నేత. 2019–20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనిలో 35.22 లక్షల మంది ఉన్నారు, నేసేవాళ్లలో 72 శాతం స్త్రీలు. సుమారు మూడింట రెండు వంతుల కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. ధర్మవరం పట్టుచీర నేయడం ఏ కొలమానంతో చూసినా పెద్ద నేర్పు. అయినా మగ్గం దిగి బెంగళూరులో కూలి పనికో కాపలా పనికో చేరినవాళ్లకు ఎక్కువ డబ్బు కనిపిస్తోంది. నైపుణ్యం పెరిగితే ఆదాయం పెరుగుతుందన్న సూత్రం ఇక్కడ తలకిందులైంది. సరుకు ఎవరు కొంటారు, ధర ఎవరు చెబుతారు అనేవే ఇక్కడ చేతి నేర్పు కన్నా బలంగా పనిచేస్తున్నాయి.

సర్టిఫికెట్టు వస్తే కూలి పెరుగుతుందా

2015 జాతీయ నైపుణ్య విధానంలో ఒక పోలిక ఉంది. పద్ధతి ప్రకారం శిక్షణ పొందిన కార్మికులు భారత్‌లో 4.69 శాతం, అమెరికాలో 52, బ్రిటన్‌లో 68, జర్మనీలో 75, జపాన్‌లో 80, దక్షిణ కొరియాలో 96 శాతం. ఈ అంకెలు చూసి మనవాళ్లకు పని రాదనుకుంటే పొరపాటు. అవి కాగితం ఉన్నవాళ్ల లెక్కలు.

జర్మనీలో కుర్రాడు వారంలో కొన్ని రోజులు బడిలో, మిగతా రోజులు కంపెనీలో జీతంతో నేర్చుకుంటాడు. ఆ తర్వాత అతనికి వచ్చే కాగితం కూలి రేటుతో ముడిపడి ఉంటుంది, సంఘాలు బేరమాడి ఆ రేటు నిలబెడతాయి. మన దగ్గర కూడా, వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటు కేంద్ర నైపుణ్య పథకాల్లో ఉంది. ఆలోచన సరైనదే. కానీ 30×40 అడుగుల స్థలంలో ఇల్లు కట్టించుకునే ఓనరు మేస్త్రీని సర్టిఫికెట్టు అడగడు, ముందు కట్టిన ఇల్లు చూపించమంటాడు. కాగితం చూపిస్తే కూలి పెంచాల్సిన బాధ్యత ఎవరికీ లేనప్పుడు, దాని కోసం రెండు రోజుల కూలి వదులుకోవడానికి పనివాడికీ కారణం కనిపించదు.

కోడ్‌లతో మారేది, మారనిది

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది వలస కార్మికులున్న చోట వర్తించేది. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లకే దాని రక్షణ. కొత్త కోడ్‌లో ఈ పరిమితి పదికి పెరిగింది. అదే సమయంలో కాంట్రాక్టరు లేకుండా తనంతట తాను వచ్చిన మనిషి కూడా వలస కార్మికుడిగా గుర్తింపు పొందుతాడు. ఇది మంచి మార్పు. కానీ వేతనం నెలకు 18,000 రూపాయలు దాటకూడదు. నెలకు 26 రోజుల చొప్పున చూస్తే రోజుకు 692 రూపాయలు. హెల్పరు లోపల, మేస్త్రీ బయట ఉండే పరిస్థితి రావచ్చు. వలస వచ్చినప్పుడు ఇచ్చే ప్రత్యేక భత్యం పాత చట్టంలో ఉండేది, కొత్తదానిలో లేదు. ప్రయాణ ఖర్చు మిగిలింది.

ఇంకో మార్పు గురించి తక్కువగా మాట్లాడుకుంటున్నారు. సొంతానికి కట్టుకునే ఇల్లు 10 లక్షల రూపాయల లోపు అయితే 1996 నిర్మాణ కార్మికుల చట్టం వర్తించేది కాదు. కొత్త కోడ్‌లో ఆ హద్దు 50 లక్షలు. చదరపు అడుగుకు 2,500 రూపాయలు అనుకున్నా 1,000 చదరపు అడుగుల ఇంటికి అయ్యేది 25 లక్షలు. అంటే బెంగళూరు శివార్లలో తెలుగు గుంపులు కట్టే చిన్న ఇళ్లలో చాలావరకు నిర్మాణ సెస్సుకూ (కార్మికుల సంక్షేమం కోసం కట్టించేవాళ్ల నుంచి వసూలు చేసే సుంకం) భద్రతా నిబంధనలకూ బయటే ఉంటాయి. పదిమంది లోపు గుంపులు ఎలాగూ బయటే.

సెస్సు వసూలైనంత మాత్రాన కూలీకి చేరుతుందని కాదు. 37,400 కోట్ల రూపాయలకు పైగా వసూలైతే ఖర్చయింది సుమారు 9,500 కోట్లేనని 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఎత్తి చూపింది. సంక్షేమ బోర్డులో పేరు నమోదుకు ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు కాగితం కావాలి. వారానికో సైటు మారే మనిషికి ఆ సంతకం ఎవరు పెడతారన్నదే అసలు అడ్డంకి. పొరుగు రాష్ట్రం వాళ్లు నమోదు కాకూడదని ఎక్కడా లేదు. అడిగే ధైర్యం, పని మానుకుని కార్యాలయానికి తిరిగే తీరిక ఉండాలి.

గణకుడి కాగితం మీద ఒక పదం

జనాభా లెక్కల రెండో దశ 2027 ఫిబ్రవరిలో జరగనుంది. ఈసారి కులం వివరాలు కూడా సేకరిస్తామని కేంద్రం ప్రకటించింది. 1931 తర్వాత జనగణనలో అన్ని కులాల వివరాలూ పనితో, చదువుతో, వలసతో కలిపి చూడగలిగే అవకాశం ఇదే. గణకుడు ‘ఏం పని చేస్తారు’ అని అడుగుతాడు. వచ్చిన జవాబును బట్టే వృత్తి కోడ్ పడుతుంది. రేకుల షెడ్డులో ఉన్న మనిషి అలవాటుగా ‘కూలి పని’ అంటే తొమ్మిదో విభాగంలోకి వెళ్లిపోతాడు. ‘టైల్స్ పని’, ‘సెంట్రింగ్ పని’, ‘ప్లాస్టరింగ్ పని’ అంటే ఏడో విభాగంలో పడతాడు. భార్య గురించి అడిగినప్పుడు ‘ఇంట్లోనే’ అని భర్త చెప్పేస్తే ఆమె ఏ విభాగంలోనూ ఉండదు. బెంగళూరులోని తెలుగు సంఘాలు, కార్మిక సంఘాలు, పిల్లలకు సాయంత్రం బడి నడిపే సంస్థలు ఈలోగా షెడ్డులకు వెళ్లి చెప్పాల్సింది చాలా చిన్న విషయం: చేస్తున్న పని పేరు పెట్టి చెప్పండి, ఆడవాళ్ల పనీ విడిగా చెప్పండి, ఆ రోజు ఊళ్లో ఉంటారో ఇక్కడ ఉంటారో ముందే చూసుకుని ఒక్క చోట మాత్రం తప్పకుండా పేరు రాయించుకోండి.